బాబా అంటే తండ్రా, నానమ్మా? ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి

కొత్త సంవత్సరం దగ్గరపడుతోందంటే తెలుగు వార్తల్లో ఒక పేరు తప్పకుండా కనబడుతుంది: బాబా వంగా. రాబోయే ఏడాదిలో ఏమేం జరుగుతాయో ముందే చెప్పారంటూ కథనాలు వస్తాయి. ఆ జోస్యాల్లో నిజమెంత అన్నది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది ఆ పేరును. బాబా అని చదవగానే చాలామంది పాఠకుల మనసులో మెదిలేది గడ్డం పెంచుకున్న సాధువో, ఫకీరో. వంగా మాత్రం బల్గేరియాకు చెందిన మహిళ. 1911లో స్ట్రుమిత్సా పట్టణంలో పుట్టి, 1996లో సోఫియాలో చనిపోయారు. అసలు పేరు వంగేలియా. దాన్ని కుదిస్తే వంగా అయింది. ముందున్న బాబాకు సన్యాసంతో సంబంధం లేదు. బల్గేరియన్‌లో ఆ మాటకు అమ్మమ్మ, నానమ్మ, ముసలమ్మ అని అర్థం. మన వరసలో చెప్పుకోవాలంటే ఆమె 'వంగవ్వ'.

ఇంకో విశేషం ఉంది. ఆమె పుట్టేనాటికి స్ట్రుమిత్సా తుర్కుల ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడది ఉత్తర మాసిడోనియాలో ఉంది. అంటే ఆ పాలనలో తుర్కీ మాట్లాడే ఇంట్లో పిల్లలు 'బాబా' అంటే తండ్రి పలికేవాడు. పక్కనే బల్గేరియన్ వంటి స్లావిక్ భాష మాట్లాడే ఇంట్లో అదే పిలుపుకు నానమ్మ పలికేది. ఒకే శబ్దం, రెండు అర్థాలు, రెండు వేర్వేరు పుట్టుకలు.

క్లుప్తంగా: బాబా అనే మాట ప్రపంచంలో చాలా భాషల్లో ఉంది. కొన్నిచోట్ల అది పసిపిల్లల నోటి నుంచి ఎవరికివారికి విడిగా పుట్టింది. కొన్నిచోట్లకు రాజ్యాలు, సూఫీలు, వర్తకుల వెంట అరువుగా వెళ్లింది. మరికొన్ని చోట్ల కేవలం శబ్దం కలిసింది, అంతే. మాట ఒక్కటేనని భాషలకు చుట్టరికం కట్టేయడం ఎందుకు పొరపాటో ఈ మూడు దారులను విడదీసి చూస్తే తెలుస్తుంది.

ఎక్కడ ఏమంటారు

తుర్కీలో, అల్బేనియన్‌లో, బెంగాలీలో, మరాఠీలో బాబా అంటే తండ్రి. పర్షియన్‌లో ఇంట్లో నాన్నను పిలిచే మాట ఇదే. చైనా మాండరిన్‌లోనూ నాన్నే. ఆఫ్రికాలో స్వాహిలీ, షోనా, యోరుబా భాషల వాళ్లకూ నాన్నే. స్వాహిలీలో ఇంకాస్త ముందుకెళ్లి 'బాబు' అంటే తాత, 'దాదా' అంటే అక్క. బెంగాలీ దాదా అన్న, హిందీ దాదా తాత. ఈ ముగ్గురు దాదాలను ఒకచోట కూర్చోబెడితేనే ఈ మాటల తీరు సగం అర్థమవుతుంది.

స్లావిక్ భాషల్లోకి అడుగుపెడితే లింగమే మారిపోతుంది. బల్గేరియన్, సెర్బియన్, ఉక్రేనియన్‌లలో బాబా అంటే నానమ్మ. రష్యన్‌లో ఒట్టి 'బాబా' అంటే పల్లెటూరి ఆడమనిషి అన్న మోటు అర్థం వస్తుంది. నానమ్మను ముద్దుగా 'బాబుష్కా' అంటారు. ఈ బాబుష్కా ఇంగ్లీషులోకి వెళ్లి, ఆవిడ తలకు కట్టుకునే గుడ్డకు కూడా పేరుగా స్థిరపడింది. జపనీస్‌లోనూ బాబా అంటే ముసలావిడే, చివరి అచ్చును సాగదీస్తే తిట్టు కిందికి వస్తుంది.

హంగేరియన్‌లో బాబా అంటే పసిపాప, ఆడుకునే బొమ్మ కూడా. అదే మాటలో మొదటి అచ్చును సాగదీస్తే మంత్రసాని. రెండోది స్లావిక్ పొరుగు నుంచి తెచ్చుకున్నది. కాన్పు చేసేది అనుభవం ఉన్న పెద్దావిడ కాబట్టి ముసలమ్మ మాట మంత్రసానికి మారింది. పుట్టే బిడ్డకూ, ఆ బిడ్డను పట్టుకునే చేతికీ దాదాపు ఒకే పేరు కుదిరింది.

పసినోటి నుంచి పుట్టిన మాట

ఇన్నిచోట్ల ఇదే శబ్దం ఎందుకు? దీనికి జవాబు చరిత్రలో కంటే ముందు నోటి నిర్మాణంలో ఉంది. పిల్లలు ఆరేడు నెలలు దాటాక ఒక హల్లు, ఒక అచ్చు కలిపి అదే పనిగా తిప్పితిప్పి పలకడం మొదలుపెడతారు. బాబాబా, మామమా, దదదా, తతతా. పెదవులు మూసి, నోరు బాగా తెరిస్తే చాలు, 'బా' వచ్చేస్తుంది. నాలుకతో పెద్దగా పనిలేదు. పైగా పెదవుల కదలిక ఎదుటివాళ్ల ముఖంలో కళ్లకు కనబడుతుంది. 'క'నో 'ళ'నో అలా చూసి పట్టుకోవడం కుదరదు.

ఈ దశలో బిడ్డ ఎవరినీ పిలవడం లేదు, నోటిని ఆడించుకుంటోంది. అర్థం ఇచ్చేది పెద్దవాళ్లు. మన ఇళ్లలో జరిగేది గుర్తుచేసుకుంటే చాలు. బిడ్డ నోట 'తతతా' అని రాగానే 'తాతా అంటోంది, విన్నారా' అని సంబరం మొదలవుతుంది. తాతగారు వచ్చి ఎత్తుకుంటారు. మళ్లీ అదే శబ్దం చేస్తే మళ్లీ ఆయనే వస్తాడు. కొన్నాళ్లకు ఆ శబ్దానికి, ఆ మనిషికి ముడి పడిపోతుంది. ఏ ఇంట్లో ఏ శబ్దాన్ని ఎవరు సొంతం చేసుకుంటారన్నది ఆ సమాజం ముందే నిర్ణయించి ఉంచుతుంది. బిడ్డ దాన్ని ఖాయం చేస్తుంది.

మానవశాస్త్రవేత్త జార్జ్ పీటర్ మర్డాక్ ప్రపంచ భాషల నుంచి తల్లిదండ్రులను సూచించే మాటలు 1,072 సేకరించాడు. తల్లికి 531, తండ్రికి 541. ఈ సామగ్రిని తీసుకుని భాషావేత్త రోమన్ యాకబ్‌సన్ 1959లో ఒక విశ్లేషణ చేశాడు. తల్లిని సూచించే మాటల్లో 55 శాతం మ, న వంటి ముక్కు శబ్దాలతో ఉన్నాయి. తండ్రి మాటల్లో అవి 15 శాతమే. తండ్రి వైపు ప, బ, త, ద లాంటివి ఎక్కువ. పాలు తాగేటప్పుడు బిడ్డ నోరు నిండి ఉంటుంది కాబట్టి ముక్కుతో సన్నగా మూలుగుతుందనీ, తర్వాత పాలు కావాలన్నా, అమ్మ కావాలన్నా అదే మూలుగు పిలుపవుతుందనీ ఆయన వివరణ. బ, ద వంటివి అమ్మ తర్వాత దగ్గరయ్యే మనిషికి మిగులుతాయి.

వివరణలో పాలతో ముడిపెట్టిన భాగం ఎంతవరకు సరైనదో తేల్చడం కష్టం. మొదటి భాగానికి మాత్రం గట్టి ఆధారం ఉంది. పిల్లలు ఎక్కడ పుట్టినా తొలి పలుకులు ఈ కొద్ది శబ్దాల చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి స్వాహిలీ బాబాకూ, మాండరిన్ బాబాకూ మధ్య ఏ ప్రయాణమూ ఊహించనక్కర్లేదు. రెండూ ఎక్కడికక్కడ పుట్టి ఉండవచ్చు.

అర్థం మాత్రం ఎవరిది వాళ్లదే

శబ్దం దాదాపు అందరిదీ ఒకటే అయినా, అది ఎవరికి దక్కుతుందన్నది ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది. జార్జియన్‌లో మామా అంటే తండ్రి, దెదా అంటే తల్లి. ఆస్ట్రేలియా ఆదివాసుల పిట్జంట్‌జట్జరా భాషలోనూ మామా తండ్రే. మనకు మామ మేనమామ, పెళ్లయ్యాక పిల్లనిచ్చినవాడు. హిందీ నానా తల్లికి తండ్రి, తెలుగు నాన్న సొంత తండ్రి.

తెలుగు అత్తకు దొరికే తోడు ఇంకా చిత్రంగా ఉంటుంది. గోథిక్ అనే పాత జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్‌ల శాఖ) భాషలో అత్తా అంటే తండ్రి. మూడు వేల ఏళ్ల కిందటే కనుమరుగైన హిట్టైట్ భాషలో తండ్రి 'అత్తస్', తల్లి 'అన్నస్'. తుర్కీలో 'అతా' అంటే తండ్రి, పూర్వీకుడు. తుర్కీ తొలి అధ్యక్షుడు ముస్తఫా కెమాల్‌కు 1934లో ఇచ్చిన అతాతుర్క్ అన్న ఇంటిపేరులో ఉన్నది ఆ మాటే, తుర్కుల తండ్రి అని. తుర్కీలో 'అన్నె' అమ్మ, తెలుగులో అన్న తోడబుట్టినవాడు. ఈ జాబితాను చూపించి తుర్కీ, తెలుగు ఒక కుటుంబమని ఎవరైనా అంటే, అర్థాలు ఇలా అడ్డదిడ్డంగా ఎందుకు పడ్డాయో వాళ్లు చెప్పాల్సి ఉంటుంది.

అన్నిటికన్నా ముచ్చటైన ఉదాహరణ జపనీస్‌ది. ఆ భాషలో ఇప్పుడు తల్లిని 'హహ' అంటారు. పూర్వం జపనీస్‌లో 'ప' ఉన్నచోట తర్వాత 'ఫ' లాంటి శబ్దం వచ్చి, అదే 'హ' అయింది. వెనక్కి లెక్కగడితే హహ ఒకప్పుడు 'పప'. అంటే పాత జపాన్‌లో పాపా అమ్మ! ఆధునిక కాలంలో పాశ్చాత్య భాషల నుంచి పాపా మళ్లీ జపాన్‌లో దిగింది, ఈసారి నాన్నగా.

పిలుపు తిరగబడినప్పుడు

తండ్రిని పిలిచే మాట బిడ్డకు ఎలా వస్తుంది? హిందీలో బాబా అంటే ఇంటి పెద్దాయనా అవుతాడు, ముద్దుగా పిలిచే పిల్లాడూ అవుతాడు. దీనికి కారణం వెతకడానికి తెలుగువాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. తండ్రి కొడుకును 'ఏం నాన్నా, తిన్నావా' అంటాడు. తల్లి కూతుర్ని 'రా అమ్మా' అంటుంది. బిడ్డ తనను పిలిచే పిలుపునే పెద్దలు బిడ్డకు తిరిగి ఇస్తారు. అరబిక్ మాట్లాడే చాలా ఇళ్లలో ఇదే అలవాటు ఉంది. తండ్రి తన పిల్లలను 'బాబా' అని, తల్లి 'మామా' అని పిలుస్తారు.

ఇలా పిలుపు రెండువైపులా నడవడం మొదలైతే, కొన్ని తరాల్లో మాట ఏ కొసనైనా స్థిరపడగలదు. మన బాబు అందుకు మంచి సాక్షి. 'బాబూ, ఇటు రా' అంటే చిన్నపిల్లాడు. 'బాబుగారు' అంటే గౌరవించాల్సిన పెద్దమనిషి. భయం వేస్తే నోట్లోంచి వచ్చే 'బాబోయ్'లో ఉన్నవాడు తండ్రి, 'అమ్మో', 'నాయనో' వరసలోనే.

మాటలు మారినా మారని మాట

భాషలో శబ్దాలు కాలంతో మారిపోతాయి, అదీ ఒక పద్ధతిలో. లాటిన్ 'పాతెర్', సంస్కృత 'పితృ' శబ్దాల్లో ఉన్న ప, జర్మానిక్ శాఖలో ఫ అయింది కాబట్టి ఇంగ్లీషులో 'ఫాదర్' వచ్చింది. ఒక్క మాటలో కాదు, ఆ శాఖలో వరసగా ఎన్నో మాటల్లో ఇలాగే జరిగింది.

పసిమాటలు మాత్రం ఈ ఒరవడిలో కొట్టుకుపోయినా మళ్లీ తేలుతాయి. చైనీస్‌లో తండ్రికి గ్రాంథికమైన మాట 'ఫు'. ప్రాచీన చైనీస్‌లో అది పెదవులు మూసి పలికే బ, ప వంటి శబ్దంతో మొదలయ్యేదని పరిశోధకులు పునర్నిర్మించారు. గ్రాంథికం మారి ఫు అయింది, ఇంట్లో పిలుపు మాత్రం 'బా'గానే నిలిచింది. బా అనే లిపి గుర్తులో పైభాగం తండ్రిని సూచించే ఫు గుర్తే, కిందిభాగం ఉచ్చారణను చూపించేది. అంటే ఒక పాత మాట రెండుగా చీలి, ఒకటి పుస్తకాల్లోకి, ఒకటి ఇంట్లోకి వెళ్లింది. ప్రతి తరంలోనూ పసిపిల్లలు ఆ శబ్దాన్ని కొత్తగా కనిపెడుతూనే ఉంటారు కాబట్టి దాన్ని పూర్తిగా తుడిచేయడం భాషకు కష్టం.

ఇక్కడే చరిత్రకారులకు చిక్కు కూడా వస్తుంది. ఒక భాషలో బాబా వేల ఏళ్ల నుంచి అలాగే ఉందా, లేక పాతది పోయి మళ్లీ పుట్టిందా అన్నది ఆ మాటను చూసి చెప్పలేం. మానవజాతి మొట్టమొదటి భాష నుంచే పాపా, బాబాలు వారసత్వంగా వచ్చాయని వాదించిన పండితులూ ఉన్నారు. ఎక్కువమంది భాషావేత్తలు దాన్ని ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. ఎప్పుడైనా, ఎక్కడైనా మళ్లీ పుట్టగల మాట వారసత్వానికి రుజువు కాలేదు.

అరువు వెళ్లిన బాబా

అలాగని అన్నీ ఎక్కడికక్కడే పుట్టాయనడమూ తప్పే. పర్షియన్, తుర్కీ బాబా నిజంగా ఊళ్లు తిరిగింది. ఇంటి పిలుపుగా ఉన్న మాట పెద్దలకు, ఆపైన దర్వేషులకు, సూఫీ గురువులకు గౌరవ పదమైంది. 11వ శతాబ్దపు పర్షియన్ కవి బాబా తాహిర్ పేరులో ఉన్నది ఇదే. ఒట్టోమన్ల కాలంలో బాల్కన్ దేశాలకు విస్తరించిన బెక్తాషీ సూఫీ సంప్రదాయంలో గురువు హోదా పేరే బాబా. అల్బేనియాలో నేటికీ ఆ హోదా ఉంది.

తూర్పు వైపు పంజాబ్‌లో బాబా ఫరీద్, బాబా నానక్ అయ్యారు. దక్కన్‌లో పెనుకొండ దర్గాలో ఉన్నది బాబా ఫక్రుద్దీన్. మరాఠీలో బాబా ఇంట్లో తండ్రి కూడా కావడంతో షిరిడీలో రెండు అర్థాలూ ఒకే మనిషిలో కలిసిపోయాయి. బాబాసాహెబ్ అంబేడ్కర్ అన్నప్పుడు సాధుత్వం లేదు, తండ్రిలాంటి పెద్దమనిషి అన్న భావమే ఉంది. తెలుగుకు ఇది అరువు మాటేనని చెప్పడానికి భాషలోనే ఒక గుర్తుంది. మూల ద్రావిడంలో, అంటే తెలుగు, తమిళం, కన్నడ వంటివి పుట్టిన పాత భాషలో, మాటలు బ, ద, గ వంటి శబ్దాలతో మొదలయ్యేవి కావు. తర్వాతి మార్పుల వల్ల కొన్ని అలాంటివి వచ్చినా, బాబా తెలుగువాళ్లకు హిందుస్తానీ, దక్కనీల గుండా వచ్చినట్టు చరిత్ర కూడా చెబుతోంది. ఇంకా తూర్పుకు వెళ్తే మలక్కా, పెనాంగ్, సింగపూర్‌లలో స్థిరపడిన చైనా సంతతి కుటుంబాల్లో మగవాళ్లను బాబా అంటారు. అది కూడా హిందుస్తానీ నుంచి మలయ్‌లోకి చేరిన గౌరవ పదమేనని సాధారణంగా అంగీకరించే వివరణ.

రెండు బాబాలు ఎదురుపడ్డ చోట ఏం జరిగిందో బోస్నియా చూపిస్తుంది. అక్కడ స్లావిక్ బాబా, అంటే నానమ్మ, ముందునుంచే ఇంట్లో ఉంది. ఒట్టోమన్ పాలనతో తుర్కీ బాబా, అంటే తండ్రి, వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరినీ ఒకే పిలుపుతో పిలిస్తే ఎవరు పలకాలి? చివరి అచ్చు ఆదుకుంది. తండ్రి 'బాబో' అయ్యాడు, నానమ్మ బాబాగా మిగిలింది.

ఉక్రెయిన్, దక్షిణ రష్యా గడ్డిమైదానాల్లో దొరికే పాత రాతి విగ్రహాల పేరులోనూ ఇలాంటి కలగాపులగమే ఉంది. రష్యన్‌లో వాటిని 'రాతి బాబాలు', అంటే రాతి ఆడవాళ్లు అంటారు. వాటిలో చాలావరకు తుర్కిక్ తెగలు నిలబెట్టినవి, కొన్ని చక్కగా ఆయుధాలు ధరించిన మగయోధులవి. పూర్వీకుడు అనే అర్థంలో ఉన్న తుర్కిక్ మాటను రష్యన్లు తమకు తెలిసిన బాబాగా విని ఉంటారని ఒక వివరణ.

రమ్‌లో నానబెట్టే ఫ్రెంచ్ కేకు 'బాబా' కథ దీనికి తిరగేసింది. అలీబాబా పేరు మీద దానికి ఆ పేరు పెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. పోలండ్‌లో బాబా, బాబ్కా అనే పొడవాటి కేకు ముందునుంచే ఉంది. పదవి పోయిన పోలిష్ రాజు స్టానిస్లావ్ లెష్చిన్‌స్కీ ఇప్పటి ఫ్రాన్స్‌లోని లొరేన్‌కు వచ్చి స్థిరపడ్డాడు, ఆ కేకు ఆయన వెంటే అక్కడికి చేరిందంటారు. కేకుకు పేరిచ్చింది తూర్పుదేశపు కథానాయకుడి కంటే పోలిష్ ముసలమ్మే అనడం నమ్మదగ్గ మాట.

ఊరికే కలిసినవి

టోక్యోలో తకదనోబాబా అనే రద్దీ రైల్వే స్టేషన్ ఉంది. అందులో బాబా అంటే గుర్రపు స్వారీ మైదానం. గుర్రానికి ఒక మాట, స్థలానికి ఒక మాట కలిసి అలా పలుకుతోంది. ముసలావిడకూ దానికీ ఏ సంబంధమూ లేదు. స్పానిష్‌లో 'పాపా' పరిస్థితీ అంతే. లాటిన్ అమెరికాలో అది బంగాళదుంప, ఆండీస్ పర్వతాల కెచువా భాష నుంచి వచ్చింది. అదే మాటను పుంలింగంలో వాడితే పోప్, గ్రీకులో తండ్రి అనే పిలుపు నుంచి. చివరి అక్షరం నొక్కి పలికితే ఇంట్లో నాన్న. స్వాహిలీలో పాపా అంటే సొరచేప. చిన్న మాటలు, తక్కువ శబ్దాలు. వేల భాషల్లో ఇలాంటి ఢీకొనడాలు తప్పవు.

చుట్టరికం తేల్చేది ఏమిటి

ఈ విషయం పట్టించుకోవాల్సిన అవసరం ఏమిటంటే, ఇంటి పిలుపులను పట్టుకుని పెద్దపెద్ద వాదనలు కట్టడం సోషల్ మీడియాలో మామూలైపోయింది. కొరియన్‌లో తండ్రి 'అప్పా', తల్లి 'ఒమ్మా' అని సీరియళ్లలో విని, తమిళ అప్పా, అమ్మాలతో పోల్చి, రెండు భాషలూ ఒకటేనని ప్రచారం చేస్తారు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్, ద్రావిడ భాషల వ్యాకరణాలను పోల్చి పుస్తకం అచ్చువేశాడు. భాషావేత్తలు ఆ బంధుత్వాన్ని అంగీకరించలేదు. హంగేరియన్‌లో తండ్రి 'అపా', తల్లి 'అన్యా' అని గుర్తుచేస్తే, అదే లెక్కన ఆ భాషనూ ఈ కుటుంబంలో చేర్చాల్సి వస్తుంది.

అందుకే భాషల చుట్టరికం చూసేటప్పుడు పరిశోధకులు అమ్మ, నాన్న, అత్త, తాతలను ముందే పక్కన పెడతారు. చూసేది పసిపిల్లలు కనిపెట్టలేని మాటలను, వాటిలో పదేపదే కనబడే ఒకే రకం మార్పును. తెలుగు పాలు కన్నడలో హాలు. పులి హులి. పువ్వు హూవు. పేరు హెసరు. పంది హంది. ఒక్క జత అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మాట తర్వాత మాటలో తెలుగు 'ప' ఉన్నచోటల్లా కన్నడ 'హ' ఎదురవుతోంది. ఎదిగిన మనిషి కూడా కావాలని ఇలా జతపరచలేడు. పాత కన్నడ శాసనాలు తీస్తే అక్కడ 'ప'యే కనబడుతుంది. తెలుగు, కన్నడలు ఒకే తల్లి బిడ్డలని నిరూపించేవి ఈ జతలే. రెండు భాషల్లోనూ అమ్మను అమ్మ అనడం ఆ రుజువులో లెక్కకు రాదు.